ముందు బాపు వంతు

వదినె, పనైందా? జర గోడకాడికి రా, ముచ్చట చెప్త. నిన్న రాత్రి మీ ఇంట్ల రెండు లొల్లులు వినవడ్డయి. అల్లుడు, అంటే నీ కొడుకేమో, “బాపు జిందగంత బాయిలనే పని చేసిండు, నేను చిన్నప్పటిసంది ఆ ముచ్చట్లు వినుకుంటనే పెరిగిన, మల్ల నాకు ఈ వీటీసీ (ఒకేషనల్ ట్రైనింగ్ సెంటర్) ట్రైనింగ్ ఎందుకు” అన్నడు. కోడలు పిల్లేమో ల్యాప్‌టాప్ ముందట కూసోని, “నేను రాసినదాంట్ల తప్పేం లేదు, అయినా ఎర్రర్ వస్తున్నది, ఈ జావా నాకు రాదు” అని కండ్లనీళ్ళు పెట్టుకున్నది. నడుమ నువ్వు ఆగమైనవ్.

నేను రోజూ పిల్లలకు ఈ కంప్యూటర్ పాఠమే చెప్పేదాన్ని గద, అందుకే పిలిచిన. ఆ ఇద్దరి ప్రశ్న ఒక్కటే వదినె. జవాబు కూడ ఒక్కటే.

అల్లుని సంగతి ముందు చూద్దం, అది నీకు తెలిసిందే. అన్న పాణం బాగలేక కొత్తగూడెం మెడికల్ బోర్డుకు పోతే అన్‌ఫిట్ చేసిండ్రు, ఆ నౌకరి కొడుకుకు వచ్చింది. ఈ డిపెండెంట్ నౌకరి కోసం మన బొగ్గుబాయిల మీద ఎంత లొల్లి నడిచిందో యాదికున్నదా? వారసత్వ ఉద్యోగాలు ఇస్తమని 2016ల సింగరేణి కంపెనీ బోర్డు ఒప్పుకున్నది. 2017ల హైకోర్టు అది చెల్లదన్నది. సుప్రీంకోర్టు దాక పోయినా పని కాలే. ఆ తర్వాతనే కారుణ్య నియామకాలని, అన్‌ఫిట్ అయినోళ్ళ పిల్లలకు మల్ల తొవ్వ దొరికింది. ఎన్ని గేట్ మీటింగులు, ఎన్ని ధర్నాలు! అంత కొట్లాడితే వచ్చిన హక్కు కాబట్టి అల్లునికి అది బాపు ఇచ్చిన ఆస్తే. అందుల తప్పు లేదు.

కని బాపు నుంచి వచ్చింది హక్కు. బాపు చెవి రాలేదు గద! పనికాడ పైకప్పును రాడ్‌తోని తట్టంగనే, ఖణేల్ మంటే గట్టి బండ, బోలుగ మోగితే వదులైన బండ అని అన్న చెవికి తెలుసు. మీథేన్ గ్యాసుకు రంగుండదు, వాసనుండదు. సేఫ్టీ ల్యాంప్ మంట సన్నగ చేసి, దాని మీద నీలం టోపీ ఎంత ఎత్తు కట్టిందో చూసి గ్యాసు లెక్క చెప్పేవాళ్ళు పాతోళ్ళు. ఇప్పుడు దానికి మీటర్లున్నయి. ఆ చూపు కొడుకుకు పుట్టుకతోని రాదు. నడుముకు కట్టుకునే సెల్ఫ్ రెస్క్యూయర్ ఎట్ల తెరవాలె, నోట్ల ఎట్ల పెట్టుకోవాలె, హాలేజ్ గంట ఎన్ని కొడితే ఏమర్థం, ఇవి ముచ్చట్లు వింటే వచ్చేటియి కావు. అందుకే గనుల చట్టం కింద 1966లనే ఒకేషనల్ ట్రైనింగ్ రూల్స్ పెట్టిండ్రు. కొత్తోడు ఎవలైనా, ఎవల కొడుకైనా, ముందు వీటీసీ. అటెన్కనే ల్యాంప్ రూమ్‌ల నంబర్, అటెన్కనే బాయి దిగుడు.

ఈ వరుస మనసుల పెట్టుకో వదినె. కోడలు రాస్తున్న ప్రోగ్రాం‌ల ఉన్నది కూడ ఈ వరుసనే.

పొద్దుగాల ఆ పిల్ల నాకు చూపెట్టింది. మంచి ఆలోచన. కాలేజీ పుస్తకాల ఉండే కుక్క, పిల్లి, కారు అన్న ఉదాహరణలు పక్కన పెట్టి, మన మస్టర్ లెక్కనే, అంటే హాజరు లెక్కనే తీసుకున్నది. మొదలు ‘కార్మికుడు’ అని ఒక క్లాస్ రాసింది. కార్మికునికి ఏమేం ఉంటయి? పేరు, ఈసీ నంబర్ (కార్మికుని గుర్తింపు నంబర్), ఇప్పటిదాక పడ్డ మస్టర్లు. ఏం చేస్తడు? వచ్చి మస్టర్ పడుతడు, లెక్క ఒకటి పెరుగుతది. ఇంతే. క్లాస్ అంటే గిదే, ఒక రకం వాళ్ళకు ఏముంటయి (ఫీల్డులు), ఏం చేస్తరు (మెథడ్లు) అని ఒక్కసారి రాసి పెట్టుకునుడు. దాన్ని పట్టుకొని ఎంతమందినైనా తయారు చేసుకోవచ్చు. తయారైన ఒక్కొక్కరిని ఆబ్జెక్ట్ అంటరు.

ఒక ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు అన్నిటికంటె ముందు నడిచేది కన్‌స్ట్రక్టర్. పేరు ఖాళీగ ఉండొద్దు, నింపాలె. ఈసీ నంబర్ నింపాలె. మస్టర్ల లెక్క సున్నా కాడ మొదలుపెట్టాలె. ఈ పనులు చేసి, ఆబ్జెక్ట్‌ను పనికి వచ్చేటట్టు నిలవెట్టేది కన్‌స్ట్రక్టరే.

ఇగ కార్మికులందరు ఒక్కతీరుగ ఉండరు గద. బాయిల దిగేటోళ్ళుంటరు, ఓసీల (ఓపెన్‌కాస్ట్‌ల) డంపర్ నడిపేటోళ్ళుంటరు, ఆఫీసుల ఉండేటోళ్ళుంటరు. అందరికి పేరు, ఈసీ, మస్టర్ ఉంటయి. బాయిల దిగేటోనికి అదనంగ క్యాప్ ల్యాంప్ నంబర్ ఉంటది. ల్యాంప్ రూమ్‌ల టోకెన్ పెట్టి దీపం తీసుకుంటరు, ఎవల టోకెన్ అక్కడనే ఉన్నదో వాళ్ళు ఇంక బాయిలనే ఉన్నట్టు. ప్రమాదమైతే లోపల ఎవలున్నరో చెప్పేది ఆ టోకెన్ల బోర్డే. కాబట్టి ల్యాంప్ నంబర్ తప్పులు పోవద్దు. కోడలు ‘బాయికార్మికుడు’ అని ఇంకో క్లాస్ రాసి, ఇది కార్మికుడు నుంచి వచ్చిందని చెప్పింది. జావాల ‘ఎక్స్‌టెండ్స్’ అని రాస్తరు. కార్మికుడు పేరెంట్ క్లాస్, బాయికార్మికుడు సబ్‌క్లాస్. మనం బాపు, బిడ్డ అనుకుందం.

ఇగ చూడు, బిడ్డకు కన్‌స్ట్రక్టర్ రాసింది. అందుల ల్యాంప్ నంబర్ నింపింది, ఊకున్నది. పేరు, ఈసీ బాపు నుంచి వస్తయి గద అనుకున్నది. అల్లుడు అన్న మాటనే! బాపువి ఉన్నయి కాబట్టి నాకూ ఉన్నట్టే అని.

ఉన్న మాట నిజమే. బాయికార్మికుడు ఆబ్జెక్ట్ తయారైతుంటే అందుల పేరుకు జాగ ఉంటది, ఈసీ నంబర్‌కు జాగ ఉంటది. కని ఆ జాగలల్ల సరైనది ఎవలు నింపాలె? అది బాపు కన్‌స్ట్రక్టర్ పని. నీ బాపు కన్‌స్ట్రక్టర్‌ను నువ్వు పిలిచి, దానికి కావాల్సినయి చేతికి ఇయ్యాలె. జావాల ఆ పిలుపును ‘సూపర్’ అని రాసి, బ్రాకెట్లల్ల పేరు, ఈసీ నంబర్ పెడుతరు. నువ్వు పొద్దంత వింటున్న సూపర్ గదే వదినె.

పిలువకుంటే ఏమైతది? జావా ఊకోదు. నువ్వు రాయకున్నా మొదటి లైన్‌ల తనే ఒక ‘సూపర్()’ పెట్టుకుంటది, బ్రాకెట్లు ఖాళీ. అంటే బాపుకు ఏమీ ఇయ్యకుండ పిలిచినట్టు. కోడలు రాసిన కార్మికుడు క్లాస్ ఏమంటున్నది? పేరు, ఈసీ నంబర్ ఇస్తేనే నిలవడత అంటున్నది. ఏమీ తీసుకోకుండ నిలవడే కన్‌స్ట్రక్టర్ దాంట్ల లేదు. అందుకే కంపైలర్ మొత్తుకున్నది: “కన్‌స్ట్రక్టర్ కార్మికుడు ఇన్ క్లాస్ కార్మికుడు కెనాట్ బి అప్లైడ్ టు గివెన్ టైప్స్.” ఆ ఎర్రర్ చూపెట్టేది కోడలు రాసిన కన్‌స్ట్రక్టర్‌నే. కని మొత్తుకునేది కోడలు రాయని లైను గురించి. కంటికి కనవడని లైన్‌ల తప్పు వెతుకుమంటే పాపం ఆ పిల్లకు ఎట్ల దొరుకుతది?

ఇందుల ఇంకో మెలిక ఉన్నది. క్లాస్‌కు నువ్వు కన్‌స్ట్రక్టర్ ఒక్కటి కూడ రాయకుంటే జావా తనంతట తను ఏమీ తీసుకోని ఉత్త కన్‌స్ట్రక్టర్ ఒకటి ఇస్తది. నువ్వు ఒక్కటి రాసినవంటే అది ఇచ్చుడు బంద్. అందుకే చానమంది పిల్లలు నా కాడికి వచ్చి, “బిడ్డ క్లాస్‌ను ముట్టనే లేదు, నిన్నటిదాక మంచిగ నడిచింది, ఇయ్యాల ఎర్రర్” అంటరు. ముట్టింది బాపు క్లాస్‌ను. దానికి కొత్తగ కన్‌స్ట్రక్టర్ రాయంగనే పాత ఉత్తది మాయమైంది. బిడ్డలు పెట్టుకున్న కనవడని పిలుపుకు అక్కడ పలికేటోళ్ళు లేరు.

“అంత తిప్పలెందుకు, ఆ పేరు, ఈసీ నింపుడు కూడ బిడ్డ కన్‌స్ట్రక్టర్‌లనే రాసుకుంటే పోలే?” అని కోడలు అడిగింది. మంచి ప్రశ్ననే. మొదటి మాట, బాపు తన ఫీల్డులను ప్రైవేట్ అని పెట్టుకుంటే బిడ్డ చెయ్యి అక్కడికి పోదు. రెండో మాట ఇంక పెద్దది. బాపు కన్‌స్ట్రక్టర్ నింపుడు ఒక్కటే చేస్తదా? చూసి నింపుతది. ఈసీ నంబర్ ఖాళీగ వస్తే ఒప్పుకోదు, పేరుల ఖాళీ జాగలు తీసేస్తది. బిడ్డల నింపినవంటే ఆ తనిఖీ తప్పించుకొని పోయినట్టే. రేపు ఈసీ నంబర్‌కు కొత్త నియమం వచ్చిందనుకో, బాపు క్లాస్‌ల ఒక్కకాడ మార్చుతరు. ఓసీ కార్మికుడు, ఆఫీస్ కార్మికుడు సూపర్ పిలుస్తరు కాబట్టి వాళ్ళు సక్కగ ఉంటరు. సొంతంగ నింపుకున్న బాయికార్మికుడు ఒక్కడు పాత నియమంతోని మిగులుతడు. ల్యాంప్ రూమ్ బోర్డుల తప్పు నంబర్ వడేది గప్పుడే.

మరి సూపర్ మొదటి లైన్‌లనే ఎందుకు? పిల్లలు దీన్ని పరీక్షకు బట్టీ పట్టి రాస్తరు, ఎందుకని అడిగితే చెప్పరు. నాకు బాధయ్యేది గక్కడనే. బిడ్డ రాసే పని, బాపు నింపిన దాని మీద ఆధారపడి ఉంటది. ల్యాంప్ నంబర్ ఇచ్చేటప్పుడు ఈసీ నంబర్‌తోని కలిపి రిజిస్టర్‌ల రాయాలె అనుకో. ఈసీ నంబర్ నిండకముందే రాస్తే రిజిస్టర్‌ల ఏం పడుతది? ఖాళీ. వీటీసీ కాకముందే బాయిల దింపొద్దనేది ఎందుకో, ఇదీ అందుకే. 1995ల జావా వచ్చినప్పటిసంది చానేండ్లు ఈ కట్టుబాటు గట్టిగ ఉండె. సూపర్ కంటె ముందు ఒక్క ముక్క కూడ రాయనియ్యలే.

అంత గట్టిగుంటే ఇబ్బంది కూడ ఉన్నది, అది కూడ నిజాయితీగ చెప్పాలె. ల్యాంప్ నంబర్ సున్నా కంటె తక్కువ వస్తే బాపు దాక పోకముందే వెనుకకు పంపాలె అనుకుంటవ్. చూసుడానికి కూడ వీలు లేకపోయె. పక్కన ఒక స్టాటిక్ మెథడ్ రాసి, సూపర్ బ్రాకెట్లల్లనే దాన్ని ఇరికించి తిప్పలు పడేవాళ్ళు. 2025 సెప్టెంబర్‌ల వచ్చిన జావా 25ల ఆ ముడి కొంచెం విప్పిండ్రు. ఇప్పుడు సూపర్ కంటె ముందు చేతికి వచ్చిన విలువలను చూసుకోవచ్చు, తప్పుంటే అక్కడనే ఆపవచ్చు. తన సొంత ఫీల్డులను నింపుకోవచ్చు కూడ. కని బాపు వంతు కాకముందు ఆ ఆబ్జెక్ట్‌ను వాడుకోనియ్యదు. కాలేజీలల్ల పాత పాఠమే నడుస్తది కాబట్టి కోడలుకు రెండూ చెప్పిన. ఇంటర్వ్యూల ఎవలైనా అడిగితే జావా ఎన్నో వెర్షనో అడిగి జవాబు చెప్పుమన్న.

ఆ పిల్ల పైథాన్ కూడ నేర్చుకుంటున్నది గద. అక్కడ కథ వేరే ఉన్నది, ఇంక భయం ఎక్కువ. పైథాన్‌ల కన్‌స్ట్రక్టర్ పని చేసేది ‘ఇనిట్’ అనే మెథడ్. అటు రెండు, ఇటు రెండు అండర్‌స్కోర్‌లు ఉంటయి. బిడ్డ క్లాస్‌ల ఇనిట్ రాయనే లేదనుకో, బాపుదే నడుస్తది, బాధ లేదు. రాసినవనుకో, బాపుది నడువదు. నువ్వు పిలిస్తేనే నడుస్తది. జావా లెక్క కనవడని పిలుపు పెట్టదు, కంపైలర్ లెక్క ముందుగాల మొత్తుకోదు. ఆబ్జెక్ట్ మంచిగనే తయారైతది. ల్యాంప్ నంబర్ అడిగితే మంచిగనే చెప్తది. అంత బాగున్నదనుకుంటం. తెల్లారి ఫస్ట్ షిఫ్ట్‌ల మస్టర్ పడుమని పిలువంగనే, ‘మస్టర్లు’ అనే అట్రిబ్యూట్ ఈ ఆబ్జెక్ట్‌కు లేదని అట్రిబ్యూట్ ఎర్రర్ ఇచ్చి కూలవడుతది. తప్పు చేసింది పుట్టినకాడ, బయటవడ్డది పనికాడ. రెండింటి నడుమ వందల లైన్లు ఉండవచ్చు. అందుకే పైథాన్ రాసే పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే, బిడ్డల ఇనిట్ రాయంగనే మొదలు సూపర్ లైను రాసి, అటెన్క మిగిలింది రాయిండ్రి అని. పైథాన్ 2ల ఆ సూపర్‌కు క్లాస్ పేరు, సెల్ఫ్ రెండూ ఇయ్యాల్సి ఉండె. 2008ల వచ్చిన పైథాన్ 3ల బ్రాకెట్లు ఖాళీగ పెట్టినా సరిపోతున్నది. అంత సులువు చేసినంక కూడ మరిచిపోవద్దు. పీహెచ్‌పీల కూడ గిదే తీరు, బిడ్డకు సొంత కన్‌స్ట్రక్టర్ ఉంటే బాపును తనే పిలువాల్సిందే.

జావాస్క్రిప్ట్ ఇంక ఖరాఖండి. 2015ల దానికి క్లాస్‌లు వచ్చినయి. అక్కడ బిడ్డ కన్‌స్ట్రక్టర్‌ల సూపర్ పిలిచేదాక ‘దిస్’ అన్నదే లేదు. ఆబ్జెక్ట్ తయారయ్యేదే బాపు కాడ. ముందుగాల్నే ముట్టినవంటే రిఫరెన్స్ ఎర్రర్. సీ ప్లస్ ప్లస్‌ల బిడ్డ కన్‌స్ట్రక్టర్ ఒంట్లెకు పోకముందే, కోలన్ పెట్టి పక్కన రాసే జాబితాల బాపును పిలుస్తరు. కూలగొట్టేటప్పుడు అక్కడ వరుస ఉల్టా నడుస్తది. ముందు బిడ్డ తనది సర్దుకుంటది, అటెన్క బాపు. బిడ్డ తన పని సర్దుకునేటప్పుడు బాపు భాగం అవసరం పడవచ్చు గద, అందుకే అది చివరిదాక నిలవడి ఉంటది.

నువ్వు అడుగుతున్నవ్ గద, “ఇద్దరు బాపులుంటే ఎట్ల” అని. నవ్వకు వదినె, ప్రోగ్రాంలల్ల ఉంటరు. బాయిల ఎలక్ట్రీషియన్ ఉన్నడు. ఆయన బాయికార్మికుడు కూడ, ఎలక్ట్రీషియన్ కూడ. ఆ రెండు క్లాసులూ కార్మికుడు నుంచే వచ్చినయి. పైథాన్‌ల రెండింటి నుంచి ఒకేసారి తీసుకోవచ్చు. ఇప్పుడు బాయి ఎలక్ట్రీషియన్ పుట్టుకుంట ఇద్దరి ఇనిట్‌లను పేరు పెట్టి విడివిడిగ పిలిచిండనుకో. ఒక్కొక్కరు మల్ల తాత కాడికి, అంటే కార్మికుడు కాడికి పోతరు. తాత పని రెండుసార్లు నడుస్తది. మొదటిసారి సున్నా చేసిన మస్టర్ల లెక్కకు నడుమ పాత లెక్క కలిపి ఉంటే, రెండోసారి మల్ల సున్నా! కార్మికుని మస్టర్లు పోయినయి, జీతం పోయింది. అందరు సూపర్‌నే వాడితే పైథాన్ ఒక వరుస కట్టుకొని, తాతను ఒక్కసారే, అందరి తర్వాత వంతుల పిలుస్తది. ఆ వరుస కట్టే పద్ధతిని సీ3 అంటరు, పైథాన్ 2.3 నుంచి ఉన్నది. ఈ ఒక్కటి తెలిస్తే పైథాన్‌ల సూపర్ అంటే వరుసల తర్వాతి వాళ్ళను పిలుచుడని పిల్లలకు అర్థమైతది.

బిడ్డలకే అన్నీ చెప్తున్న, బాపులకు కూడ ఒక మాట చెప్పాలె. పేరెంట్ క్లాస్ రాసేటోళ్ళకన్నట్టు. సూపర్ అటెన్కనే బిడ్డ భాగం నింపే తీరుల, బాపు కన్‌స్ట్రక్టర్ నడుస్తున్నదంటే బిడ్డ భాగం ఇంక నిండలేదు. అప్పుడు బాపు తన కన్‌స్ట్రక్టర్‌లనే ‘వివరాలు చూపు’ అనే మెథడ్ పిలిచిందనుకో, దాన్ని బిడ్డ తన తీరుగ మార్చి రాసుకున్నదనుకో. జావాల నడిచేది బిడ్డ రాసింది. అది ల్యాంప్ నంబర్ అచ్చు వేద్దమని పోతే అక్కడ సున్నా ఉంటది, ఎందుకంటే నింపే వంతు ఇంక రాలేదు. సీ ప్లస్ ప్లస్‌ల అట్లున్నప్పుడు బాపు రాసిందే నడుస్తది, బిడ్డ దాక పోదు. ఏ భాషల ఏం నడుస్తదో యాదికి పెట్టుకునుడు కంటె, బిడ్డ మార్చుకునే మెథడ్‌ను కన్‌స్ట్రక్టర్‌ల పిలువకుండ ఉండుడు మంచిది. చేతికి ల్యాంప్ ఇయ్యకముందే పోరన్ని బాయిల పనికి తోలొద్దు.

ఇదంత ఎక్కడ మొదలైంది అనుకున్నవ్? నార్వేల. ఓస్లోల నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్ అని ఉన్నది. అక్కడ ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ అనే ఇద్దరు 1967ల సిమ్యులా 67 అనే భాష తెచ్చిండ్రు. క్లాస్, సబ్‌క్లాస్ అన్న ఆలోచన లోకానికి వచ్చింది దాంతోనే. సిమ్యులాల బిడ్డ క్లాస్ రాయాలంటే బాపు పేరు ముందట పెట్టి రాసేవాళ్ళు. నడిపిస్తే బాపు భాగం దానంతట అదే ముందు నడిచేది, అటెన్క బిడ్డది. అంటే ఈ వరుస మొదటి దినం నుంచి ఉన్నదే. ఆ భాషను చూసుకొనే బ్యార్నె స్ట్రౌస్ట్రప్ 1979ల బెల్ ల్యాబ్స్‌ల సీ భాషకు క్లాసులు కట్టుడు మొదలుపెట్టిండు, తర్వాత అదే సీ ప్లస్ ప్లస్ అయింది. డాల్‌కు, నైగార్డ్‌కు 2001 సంవత్సరం ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 2002ల ఇద్దరూ పోయిండ్రు.

నైగార్డ్ గురించి మన మందమర్రి బొగ్గుబాయిలోళ్ళు తెలుసుకోవాల్సిన సంగతి ఇంకోటి ఉన్నది. 1970ల మొదట్ల ఆయన నార్వే ఇనుము, లోహ కార్మికుల యూనియన్‌తోని కలిసి పని చేసిండు. కార్ఖానాలకు కంప్యూటర్ వస్తే కార్మికుని పని ఎట్ల మారుతది, అందుల కార్మికుని మాటకు జాగ ఎట్ల ఉండాలె అని యూనియన్ వాళ్ళతోనే కూసోని చదివించిండు, రాయించిండు. క్లాస్, సబ్‌క్లాస్ కనిపెట్టిన మనిషి యూనియన్ మనిషి కూడ. ఈ మాట నేను క్లాస్‌ల చెప్తే మన సింగరేణి పిల్లల మొఖాలు వెలుగుతయి. వాళ్ళ బాపులు గేట్ మీటింగులల్ల నిలవడ్డోళ్ళు గద. కంప్యూటర్ చదువు తమది కాదని, ఎక్కడో హైదరాబాద్ పిల్లలదని అనుకునే పిల్లకు ఆ ఒక్క ముచ్చట ఎంత ధైర్యమిస్తదో నేను చూసిన.

చివరికి ఒక సంగతి వదినె, ఇది కోడలు అడిగింది కాదు, నేనే చెప్పిన. ప్రతిదాన్ని బాపు, బిడ్డ చేయొద్దు. మొన్న ఒక పిలగాడు క్యాప్ ల్యాంప్‌కు కూడ నంబర్ ఉంటది, కార్మికునికి కూడ నంబర్ ఉంటది అని, ల్యాంప్‌ను కార్మికుని సబ్‌క్లాస్ చేసిండు. ల్యాంప్ కార్మికుడా? కాదు. కార్మికుని కాడ ల్యాంప్ ఉంటది. అట్లాంటప్పుడు కార్మికుని లోపల ల్యాంప్‌ను ఒక ఫీల్డుగ పెట్టుకుంటే సరిపోతది. సూపర్ లేదు, వరుస లేదు, తిప్పల లేదు. 1994ల వచ్చిన డిజైన్ ప్యాటర్న్స్ అనే పుస్తకం నలుగురు కలిసి రాసిండ్రు. అందుల కూడ వారసత్వం కంటె ముందు ఇట్ల కూర్చుకునుడు చూడుమన్నరు. బాయికార్మికుడు నిజంగ కార్మికుడే, అందుకే అక్కడ వారసత్వం నప్పింది. నప్పినకాడ తీసుకోవాలె. తీసుకున్నమంటే బాపు వంతు ముందు పూర్తి చెయ్యాలె.

అల్లునికి నువ్వు చెప్పు. ఈ నౌకరి నీదే, ఎవలూ తీసుకోరు. వీటీసీల నేర్పేది మీ బాపు ఒక్కని తెలివి కాదు, ఎన్ని బాయిలల్ల ఎంతమంది పాణాలు పోయినంక రూల్సుగ రాసుకున్న తెలివి. అది ఒంట్లెకు ఎక్కినంకనే దిగు అని చెప్పు. బాగ వింటడు, మంచి పోరడు.

కోడలును మాపటికి ల్యాప్‌టాప్ పట్టుకొని నా కాడికి రమ్మను. ముందు సూపర్ లైను పెట్టి నడిపిస్తం. అటెన్క దాన్ని తీసేసి నడిపిస్తం, ఎర్రర్ ఏమంటున్నదో ఒక్కొక్క మాట చదువుతం. అదే ప్రోగ్రాంను పైథాన్‌ల రాసి, అక్కడ తీసేస్తే ఎర్రర్ ఎందుకు ఆలస్యంగ వస్తదో చూస్తం. ఇంటర్వ్యూల సూపర్ ఎందుకు ముందు అని అడిగితే ‘రూల్ అండి’ అనొద్దు. ‘నా క్లాస్‌ల బాపు భాగం ఉన్నది, దాన్ని నింపే తెలివి బాపు కాడనే ఉన్నది, అది నిండినంకనే నా భాగానికి ఆధారం’ అని చెప్పాలె. ఎర్రర్ వచ్చిందని మల్ల ఏడువొద్దని చెప్పు. ఏ క్లాస్ పేరు రాసిందో చూసి, దాని కన్‌స్ట్రక్టర్ ఏం అడుగుతున్నదో చదివి, సూపర్ బ్రాకెట్లల్ల అది పెడితే ఈ ఎర్రర్ పోతది.